తడిస్తే నలుపు, ఆరితే తెలుపు: కారు ప్లాస్టిక్ వెలిసిపోవడం వెనక అసలు సంగతి

వాన వెలిసిన పది నిమిషాలకి పాలకొల్లు బస్టాండు పక్కన ఆగి ఉన్న కార్లను ఒకసారి చూడండి. ఎనిమిదేళ్ల బండి బంపరు కూడా నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది. ఎండ కాసి అరగంట గడిచేసరికి అదే బంపరు విభూతి రాసుకున్నట్టు తెల్లబారిపోతుంది. ప్లాస్టిక్ వెలిసిపోవడం గురించి తెలుసుకోవాల్సిన విషయం సగం ఆ అరగంటలోనే ఉంది.

మిగతా సగం దగ్గరే గందరగోళమంతా. ఫోన్ తెరిస్తే ఒకాయన వేడి గాలి ఊదే హీట్ గన్‌తో బంపరును కాల్చి నల్లగా చేస్తుంటాడు. ఇంకొకాయన కొబ్బరినూనె చాలంటాడు. డీటెయిలింగ్ షాపులో అడిగితే వందల్లో ఒక రేటు, వేలల్లో ఇంకో రేటు చెబుతారు. అందరి దగ్గరా ‘ముందు’, ‘తరవాత’ ఫొటోలు ఉంటాయి. ఆరు నెలల తరవాత తీసిన ఫొటో మాత్రం ఎవరి దగ్గరా ఉండదు. ఇవన్నీ ఏం చేస్తాయో విడివిడిగా చూస్తే ఎవరు ఎంతవరకు నిజం చెబుతున్నారో తెలుస్తుంది.

ఏ ప్లాస్టిక్ గురించి ఈ మాటలు

కారుకి బయటి వైపు ఉండే ప్లాస్టిక్ అంతా ఒకటి కాదు. హెడ్‌లైట్ అద్దంలా కనిపించేది పాలీకార్బొనేట్. అది పసుపు తిరుగుతుంది, దాని కథ వేరు. బాడీ రంగులో ఉన్న బంపరు మీద పెయింటు, దాని మీద క్లియర్‌కోట్ అనే పారదర్శక పొర ఉంటాయి కాబట్టి ఎండ దెబ్బ వాటికి తగులుతుంది. అద్దంలా మెరిసే నల్ల గ్రిల్‌కి గీతలు పడతాయి గానీ అది ఇలా తెల్లబడదు. మనం మాట్లాడేది పెయింటు వేయకుండా వదిలేసిన గరుకు నల్ల ప్లాస్టిక్ గురించి. చక్రాల చుట్టూ ఉండే ఆర్చ్‌లు, తలుపుల కింది పట్టీలు, ముందు అద్దం కింద వైపర్లు ఉండే ప్యానెల్, రూఫ్ రెయిళ్ల చివర్లు, తక్కువ వేరియంట్లలో సైడ్ మిర్రర్ల తొడుగులు, హ్యాండిళ్లు ఈ కోవలోకి వస్తాయి.

ఇందులో ఎక్కువ భాగం పాలీప్రొపిలీన్. దెబ్బ తగిలితే పగలకుండా రబ్బరు లాంటి పదార్థం కొంత కలుపుతారు. వేడికి సాగకుండా, గట్టిగా నిలబడేలా టాల్క్ కలుపుతారు. టాల్క్ అంటే ఒళ్లంతా చల్లుకునే పౌడరులో ఉండే ఖనిజమే. మెత్తగా, తెల్లగా ఉంటుంది. ఈ టాల్క్ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దీనితో పని ఉంది. నల్లదనం కోసం కార్బన్ బ్లాక్ కలుపుతారు. అది మసి లాంటి సన్నని కార్బన్ పొడి.

నలుపు ఎక్కడికీ పోలేదు

పెరట్లో ఉన్న నల్లరాతి రోలును చూడండి. పొడిగా ఉన్నప్పుడు బూడిద రంగు, నీళ్లు పోస్తే నలుపు. రాయి రంగు మారిందా? లేదు. రాతి పైభాగం గరుకుగా ఉంటుంది. ఆ గరుకుదనం మీద పడ్డ వెలుగు ఒక దిక్కుగా పోకుండా నాలుగు వైపులా చెదురుతుంది. చెదిరిన వెలుగులో కొంత మన కంటికి చేరి తెలుపుగా కనిపిస్తుంది. నీళ్లు పోస్తే సందులు నిండి పైభాగం నున్నబడుతుంది. వెలుగు రాయి లోపలికి వెళ్లి అక్కడే ఆగిపోతుంది.

వెలిసిన ప్లాస్టిక్‌లో జరిగేదీ ఇదే. పైపొర కంటికి కనబడని పగుళ్లతో నిండిపోతుంది. కార్బన్ ఉన్నచోటే ఉంటుంది. కాబట్టి ‘రంగు పోయింది’ అనే మాట పూర్తిగా సరైంది కాదు, ‘చర్మం చిట్లింది’ అనడం నిజానికి దగ్గర.

ఇందులో చిన్న లెక్క కూడా ఉంది. వెలుగును వంచే గుణం గాలికి 1, నీటికి 1.33, సిలికాన్ నూనెకి సుమారు 1.40, కొబ్బరినూనెకి సుమారు 1.45, పాలీప్రొపిలీన్‌కి సుమారు 1.49. పగుళ్లలో ఉన్నదానికీ ప్లాస్టిక్‌కీ ఈ అంకెలో తేడా ఎంత తక్కువైతే వెలుగు అంత తక్కువ చెదురుతుంది. నీళ్లకంటే నూనె రాస్తే ఇంకా నల్లగా కనిపించడానికి కారణం ఇదే. నూనెలో ‘పోషణ’ ఏమీ లేదు. ప్లాస్టిక్ ఏ నూనెనీ తినదు.

ఉప్పుగాలా, వేడా, ఎండా?

అంతర్వేది, నరసాపురం వైపు ఎవరినడిగినా ఉప్పుగాలే అంటారు. అలా అనుకోవడంలో తప్పు లేదు. గేట్లు, సైకిళ్లు, కిటికీ ఊచలు ఉప్పుగాలికి ఎలా తుప్పు పడతాయో చూసినవాళ్లు కదా. కానీ ఉప్పు దెబ్బ తీసేది ఇనుమును. పాలీప్రొపిలీన్‌ని ఉప్పునీళ్లు ఏమీ చేయలేవు. ఉప్పు ఆరితే పైన తెల్లటి పూత మిగులుతుంది, అది కడిగితే పోతుంది.

వేడి వల్లనా? దీనికి సాక్ష్యం ప్రతి కారులోనూ ఉంది. ముందు అద్దానికి లోపల డ్యాష్‌బోర్డు, బయట వైపర్ల ప్యానెల్. రెండింటికీ మధ్య దూరం మూరెడు. ఎండలో ఆపిన కారులో డ్యాష్‌బోర్డు 70 డిగ్రీలు దాటడం మామూలే, బయటి ప్యానెల్‌కి గాలైనా తగులుతుంది. అయినా సుద్దలా తెల్లబడేది బయటిదే. తేడా అద్దంలో ఉంది. ముందు అద్దం రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి చేసింది. అతినీలలోహిత కిరణాలను అది దాదాపు పూర్తిగా ఆపేస్తుంది.

నమ్మకం కుదరకపోతే బోనెట్ ఎత్తండి. వైపర్ల ప్యానెల్‌లో బోనెట్ అంచు కింద దాక్కున్న భాగం కొత్తదానిలా నల్లగా ఉంటుంది. అంచు దాటిన చోట నుంచి బూడిద రంగు మొదలవుతుంది. గీత గీసినట్టు ఉంటుంది ఆ సరిహద్దు. రెండు వైపులా ఒకటే వయసు, ఒకటే గాలి, ఇంజిన్ వేడి దాక్కున్న వైపే కాస్త ఎక్కువ. తేడా వెలుగు ఒక్కటే.

ఇక మన గోదావరి డెల్టా ఉన్నది దాదాపు 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో ఇంకోసారి మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. డిసెంబరులో కూడా మధ్యాహ్నానికి సుమారు 50 డిగ్రీల ఎత్తుకు ఎక్కుతాడు. అందుకే ఇక్కడ ఆకాశం వైపు తిరిగి ఉండే భాగాలు ముందు పోతాయి: వైపర్ల ప్యానెల్, బంపరు పైఅంచు, రూఫ్ రెయిలు. తలుపుల పక్క పట్టీలు నిలువుగా ఉంటాయి కాబట్టి కొన్నేళ్లు ఎక్కువ ఆగుతాయి. మే నెలలో కారు మొహం తూర్పుకి పెట్టారా పడమరకి పెట్టారా అన్నది వైపర్ల ప్యానెల్‌కి పెద్ద తేడా కాదు. నీడ ఉందా లేదా అన్నదే లెక్క.

రొయ్యల చెరువు గట్టు మీద నల్ల పైపు

ఇక్కడ భీమవరం రైతు ఒక ప్రశ్న అడగొచ్చు. ‘మా చెరువు గట్టు మీద నల్ల పైపు ఏళ్ల తరబడి ఎండలోనే పడుంది, దానికేం కాలేదు. కారు ప్లాస్టిక్ కూడా నల్లదేగా?’

మంచి ప్రశ్న. ముందు ధాన్యం రాసుల మీద కప్పే బరకాన్ని తలుచుకుందాం. నీలం రంగు బరకం రెండు మూడు సీజన్లు ఎండలో ఉంటే పోగులు పోగులుగా ఊడి చేతికి పొడి అంటుకుంటుంది. నల్ల పైపుకి అలా కాదు. దానిలో నూటికి 2 నుంచి 3 పాళ్లు కార్బన్ బ్లాక్ మెత్తగా, సమానంగా కలిపి ఉంటుంది. అది రంగు కోసమే కాదు. కిరణాలను తనే మింగి లోపలి ప్లాస్టిక్‌ని కాపాడే గొడుగు అది.

కారు ట్రిమ్‌లోనూ, అంటే మనం చెప్పుకుంటున్న గరుకు నల్ల ప్లాస్టిక్‌లోనూ, కార్బన్ ఉంది. కానీ మూడు తేడాలున్నాయి. ఒకటి, పైపు పాలీ ఎథిలీన్, ట్రిమ్ పాలీప్రొపిలీన్. రెండూ పొడవాటి గొలుసుల్లాంటి అణువులే. అయితే పాలీప్రొపిలీన్ గొలుసులో ప్రతి రెండో కార్బన్‌కీ పక్కన ఒక చిన్న కొమ్మ వేలాడుతుంది. ఆ కొమ్మ మొదట్లో ఉండే హైడ్రోజన్ పట్టు వదులు. కిరణాల శక్తి, గాలిలోని ఆక్సిజన్ కలిసి అక్కడ కొడతాయి, గొలుసు తెగుతుంది. ఒకచోట తెగితే పక్కది తెగడానికి అదే దారి చేస్తుంది. దీన్ని అడ్డుకోవడానికి తయారీలోనే కాపలా మందులు కలుపుతారు, స్టెబిలైజర్లు అంటారు. అవి ఉన్నన్నాళ్లూ ఏమీ కనిపించదు. పైపొరలో అవి అయిపోయాక ‘ఒక్క వేసవిలోనే పోయింది’ అనిపిస్తుంది.

రెండో తేడా, ఇందాకటి టాల్క్. పైన ప్లాస్టిక్ చిట్లి రాలుతుంటే అందులో పాతుకుని ఉన్న తెల్ల పొడి బయటపడుతుంది. వేలితో రుద్దితే అంటుకునే తెలుపులో దీని వాటా కూడా ఉంటుంది.

మూడోది మన కన్ను. పైపు కూడా కొంత మసకబారుతుంది, నిజం చెప్పాలంటే. పైపు అందం ఎవరు చూస్తారు? అది నీళ్లు పారిస్తే చాలు.

అన్ని తెలుపులూ ఎండ తెలుపులు కావు

ఏ మందు పని చేస్తుందన్న గొడవల్లో సగం ఇక్కడే పుడతాయి. ఒకరి బండి మీదున్న తెలుపు వేరు, ఇంకొకరిది వేరు.

తీరం దగ్గర ఊళ్లలో బోరునీళ్లు ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్లతో కడిగి ఎండలో వదిలేస్తే గరుకు సందుల్లో లవణాలు దిగుతాయి. అవి చుక్కల ఆకారంలో, కారిన దారుల్లో ఉంటాయి. వెనిగర్ తడి తగిలితే పలచబడతాయి. ఇంకో తెలుపు పాలిష్‌ది. పెయింటుకి వ్యాక్స్ పాలిష్ పెట్టేటప్పుడు పక్కనున్న నల్ల ప్లాస్టిక్‌కి తగిలి గరుకులో ఎండిపోతుంది. ఇది ఎప్పుడూ పెయింటు అంచు వెంబడే ఉంటుంది. వేరుశనగ వెన్న రుద్దితే పోతుందని చెప్పే చిట్కా దీని గురించే. అందులోని నూనె వ్యాక్స్‌ని మెత్తబరుస్తుంది, పలుకు దాన్ని గీకుతుంది. ఈ చిట్కా అబద్ధం కాదు, ఎండకి వెలిసిన దానికి వాడితే మాత్రం కాసేపటి మెరుపే మిగులుతుంది. చీమలకు పండగ.

అసలు ఎండ తెలుపు ఆకాశం వైపు ఉన్న చోట సమానంగా పరుచుకుంటుంది. స్టిక్కరు కిందా, నంబరు ప్లేటు కిందా ఉండదు.

నింపే మందులు: కొబ్బరినూనె, డీజిల్ గుడ్డ, సిలికాన్

బజారులో దొరికేవన్నీ నాలుగు పనుల్లో ఏదో ఒకటి చేస్తాయి. పగుళ్లు నింపుతాయి, కరిగిస్తాయి, రంగు ఎక్కిస్తాయి, లేదా పైన పొర కప్పుతాయి. నింపేవే ఎక్కువ.

కోనసీమలో మొదట చేతికి వచ్చేది కొబ్బరినూనే. రాయగానే బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ కొబ్బరినూనె ఆరి పొరగా మారే రకం కాదు, జిడ్డుగానే ఉండిపోతుంది. కాలవ గట్టు రోడ్డు మీద రెండు రోజులు తిరిగితే దుమ్మంతా దాని మీదే. ఇంకో తమాషా, అది 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. సంక్రాంతి ముందు ఒక తెల్లవారుజామున మా బండి బంపరు గరుకులో తెల్లగా పేరుకుని ఉండటం చూసి, ఇంకా పాడైందనుకుని కంగారుపడ్డాను. ఎనిమిదింటికి ఎండ తగలగానే మళ్లీ నలుపు.

లారీ, ట్రావెల్స్ బళ్ల వాళ్లు డీజిల్ గుడ్డతో తుడుస్తారు. ఫలితం వెంటనే వస్తుంది, రోజుల్లో పోతుంది. దానికి అసలు ఇబ్బంది ప్లాస్టిక్‌తో కాదు, పక్కనుండే రబ్బరుతో. తలుపుల చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ చాలావరకు ఈపీడీఎం అనే రకం రబ్బరు. ఎండకీ వానకీ అది గట్టిదే, పెట్రోలియం నూనెలకు మాత్రం ఉబ్బి మెత్తబడుతుంది.

నల్లగా మెరిపించడానికి పూసుకోమని సీసాల్లో అమ్మే డ్రెస్సింగ్‌లలో ముఖ్య సరుకు సిలికాన్ నూనె. నీళ్లలో కలిపినదైతే జిడ్డు తక్కువ, మెరుపూ తక్కువ, వానకి తొందరగా పోతుంది. సాల్వెంట్‌లో కలిపినది ఎక్కువ మెరుస్తుంది, కాస్త ఎక్కువ ఆగుతుంది, దుమ్ము పడుతుంది. ఎక్కువ రాస్తే మొదటి వానకి కిందికి కారుతుంది. ‘ఏడాది ఆగే కోటింగ్’ అని ఒక షాపులో నా చేత డబ్బు కట్టించుకున్నారు. జూన్ మొదటి జల్లుకే తెల్ల తలుపు మీద జిడ్డు చారలు దిగాయి. కోటింగ్ గట్టిపడి ఉంటే కారదు. నాకు పూసింది డ్రెస్సింగే.

సీసా మీద ‘యూవీ రక్షణ’ అని ఉంటే అది అబద్ధమనలేం. కిరణాలను ఆపే పదార్థం అందులో ఉండొచ్చు. అయితే ఆ పూత ఉన్నన్నాళ్లే ఆ రక్షణ. ప్లాస్టిక్‌లో అయిపోయిన స్టెబిలైజర్‌ని పైనుంచి రాసి మళ్లీ నింపలేం.

హీట్ గన్ మీద రెండు వాదనలు

అన్నిటికంటే ఎక్కువ తగువు దీని మీదే. చూడటానికి మాయలా ఉంటుంది. వేడి గాలి తగిలిన చోట బూడిద రంగు కళ్లముందే నలుపవుతుంది. పాలీప్రొపిలీన్ 160 డిగ్రీలు దాటాక కరుగుతుంది. పైపొర క్షణకాలం కరిగి పగుళ్లు మూసుకుంటాయి. బయటపడ్డ టాల్క్ మళ్లీ ప్లాస్టిక్‌లో మునుగుతుంది. వెలుగు చెదరడం ఆగిపోతుంది.

దీన్ని సమర్థించేవాళ్ల మాటలో బలం ఉంది. జిడ్డు లేదు, కారడం లేదు, దుమ్ము పట్టదు, వానకి పోదు. ఫ్యాక్టరీల్లో కూడా బంపర్లకు మంట చూపిస్తారని వాళ్లు గుర్తు చేస్తారు. అదీ నిజమే, కాకపోతే దాని ఉద్దేశం వేరు. పాలీప్రొపిలీన్‌కి పెయింటు అంటుకోదు కాబట్టి, పెయింటుకి ముందు పైభాగాన్ని క్షణంపాటు మంటతో తడుముతారు. నల్లబరచడం కోసం కాదు.

వద్దనేవాళ్లు చెప్పేదేమిటంటే, తెగిన గొలుసులు కరిగినంత మాత్రాన అతుక్కోవు. మూసిన పగుళ్ల మీద మళ్లీ అదే ఎండ పడుతుంది, పైపొరలో కాపలా మందు అప్పటికే తక్కువ. అందుకే నెలల్లో తెలుపు తిరిగి వస్తుంది. రెండోసారి ఫలితం మొదటిసారి అంత ఉండదు. గన్ నోటి దగ్గర గాలి 500 డిగ్రీల పైన కూడా ఉండొచ్చు, 160 దగ్గర ఆగడం చేతివాటం మీద ఆధారపడిన పని. ఒక్క క్షణం ఎక్కువైతే గరుకు డిజైను చెరిగిపోయి మెరిసే మచ్చ పడుతుంది. అది ఇక పోదు. పట్టీ వంకర తిరగొచ్చు, పక్కనున్న అద్దం చిట్లొచ్చు. ముందు రాసిన నూనె మిగిలి ఉంటే పొగ, ఒక్కోసారి మంట.

నా లెక్కలో రెండు వైపులవాళ్లూ చూసిందే చెబుతున్నారు, కాకపోతే వేరు వేరు బళ్లను చూసి. మందంగా ఉండి, కొద్దిగానే వెలిసిన ఆర్చ్ మీద వేడి బాగా పని చేస్తుంది. పలచగా ఉండి, సుద్దలా రాలే దశకి వచ్చిన వైపర్ల ప్యానెల్ మీద చేస్తే అది వంగిపోవడమే ఎక్కువ.

రంగు ఎక్కించడం, పొర కప్పడం

చిన్నప్పుడు పలక తెల్లబడితే దొండాకు, బొగ్గు కలిపి రుద్దేవాళ్లం. ట్రిమ్ డై అంటే ఇంచుమించు అదే. నల్ల రంగు పగుళ్లలోకి దిగుతుంది, దాన్ని పట్టి ఉంచడానికి ఒక రెసిన్ ఉంటుంది. వెలిసిన చోటే ఇది బాగా పడుతుంది, నున్నగా ఉన్నచోట జారిపోతుంది. చేతికీ, పక్క పెయింటుకీ అంటితే మాత్రం వదలదు.

సిరామిక్ అన్న పేరుతో రెండు రకాల సరుకు తిరుగుతోంది. అసలుది గాలిలోని తేమతో చర్య జరిపి గట్టిపడే సిలికా జాతి పొర. మందం మైక్రాన్ల లెక్కలో ఉంటుంది, సబ్బునీళ్లకు పోదు, నెలల నుంచి ఏడాది పైన ఆగగలదు. రెండోది సిలికాన్ డ్రెస్సింగ్‌కి పెట్టిన కొత్త పేరు. తేమతో గట్టిపడే గుణం వల్ల అసలుది మన దగ్గర తొందరగా బిగుస్తుంది. తుడవడానికి దొరికే సమయం తగ్గి, వానాకాలంలో అక్కడక్కడా మరకలుగా మిగిలిపోతుంది.

పెయింటు అన్నిటికంటే దళసరి పొర. కానీ పాలీప్రొపిలీన్‌కి దేన్నీ అంటించుకోని స్వభావం ఉంది. ఫెవికాల్ కూడా దాని మీద ఆరాక పొరగా ఊడి వచ్చేస్తుంది. ప్లాస్టిక్ ప్రైమర్ లేకుండా కొట్టిన నల్ల స్ప్రే కూడా అలాగే రేకులుగా లేస్తుంది. ఇంకో మెలిక, ముందు సిలికాన్ రాసి ఉన్న చోట పెయింటు కొడితే గుండ్రటి గుంటలు పడతాయి. పెయింటర్లు దాన్ని ఫిష్ ఐ అంటారు. మన జిల్లాలో చేపకన్ను అంటే ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు.

ఒక లెక్క వేసి చూస్తే

ఈ ధరలు లెక్క కోసం అనుకున్నవి, మీ ఊరి రేట్లు పెట్టి మార్చుకోవచ్చు. డ్రెస్సింగ్ సీసా 400 రూపాయలు, ఒక సీసా ఐదు సార్లకు వస్తుందనుకుందాం. నెలకోసారి చొప్పున ఏడాదికి 12 సార్లు రాస్తే 960 రూపాయలు. రాసిన ప్రతిసారీ కడగడం, ఆరబెట్టడం కలిపి 40 నిమిషాలు, ఏడాదికి 8 గంటలు. ఐదేళ్లకు 4,800 రూపాయలు, 40 గంటలు.

గట్టిపడే కోటింగ్‌కి 3,000 పెట్టి, ఏడాదిన్నర ఆగితే ఐదేళ్లలో నాలుగు సార్లు వేయించాలి, 12,000. అంటే డబ్బు లెక్కలో డ్రెస్సింగే చవక. గంటకి మీ శ్రమ విలువ 180 రూపాయలు దాటితే కోటింగ్ చవక.

ఇప్పుడు చిన్న మార్పు చేద్దాం. వెలిసింది వైపర్ల ప్యానెల్ ఒక్కటే అనుకోండి. కొత్తది, బిగింపుతో కలిపి 1,500 అయితే ఐదేళ్లకి ఖర్చు అంతే, గంటలు సున్నా. అందరూ చివరి దారి అనుకునే మార్పిడి ఇక్కడ మొదటి వరసలోకి వస్తుంది. నాలుగు ఆర్చ్‌లు, రెండు బంపర్లు వెలిసిన బండికి ఇదే లెక్క పూర్తిగా తిరగబడుతుంది. వచ్చే నెల అమ్మేసే బండికి ఐదేళ్ల లెక్కతో పనే లేదు, సీసా చాలు. కొనేవాడు సబ్బునీళ్ల గుడ్డతో గట్టిగా రుద్ది, ఆరేదాకా ఆగితే నిజం బయటపడుతుంది.

భాగాన్ని విప్పితే వెనక వైపు అచ్చులో ఒక గుర్తు ఉంటుంది: పీపీ ప్లస్ ఈపీడీఎం, టీ20 అని ఇంగ్లీషు అక్షరాల్లో. పాలీప్రొపిలీన్, రబ్బరు, నూటికి 20 పాళ్లు టాల్క్ అని అర్థం. మా బండి ప్యానెల్ విప్పినప్పుడు నేను చూసింది అదే. వెనక వైపు పదేళ్లయినా పలకంత నల్లగా ఉంది. ప్యానెల్ మార్పించాను, తలుపుల కింది పట్టీలను అలాగే వదిలేశాను. తడి గుడ్డ పెట్టినప్పుడల్లా అవి కాసేపు కొత్తవే.